నలభై అయిదు దాటని నగరం

వేణుపురం నగరపాలక సంస్థకు ఆ ఏడాది పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. ఇకమీదట ఆడవాళ్ళ కోసం ఏ పథకం నడపాలన్నా, నగరంలో ఏ వయసు ఆడవాళ్ళు ఎందరున్నారో ముందు లెక్క తేల్చాలి. ఏ వయసు వాళ్ళు లేరని తేలుతుందో, ఆ వయసు వాళ్ళ పథకం దానంతటదే రద్దయిపోతుంది. చూడబోతే ఇందులో వంక పెట్టడానికేమీ లేదు. ఉన్నవాళ్ళ మీద ఖర్చు పెట్టాలి, లేనివాళ్ళ మీద పెట్టకూడదు, అంతే. ఇంత బుద్ధిగా కనిపించే ఉత్తర్వు ఊరి మీదికి ఏం తెచ్చిపెడుతుందో ఎవరూ ఊహించలేదు. గణాంక విభాగానికి అధికారిణిగా ఉన్న హైమావతి అసలే ఊహించలేదు. తెచ్చిపెట్టింది మాత్రం ఆవిడే.

ఉత్తర్వు అమలుకు వేసిన కమిటీ మొదటి సమావేశంలోనే చిక్కు వచ్చిపడింది. ఆడవాళ్ళని వయసు అడగడమెలా?

"నా ఓటర్ల గుమ్మాల్లోకెళ్ళి మీ వయసెంతమ్మా అని అడుగుతారా?" అన్నారు మేయరు విజయకామేశ్వరి గారు. "వచ్చే ఎన్నికల్లో నేను నిలబడక్కర్లేదా ఏంటి?"

ఆధార్ కార్డు చూపించమంటే సరిపోతుంది కదా అన్నాడు ఆరోగ్య విభాగం ఆయన.

"అది మరీ బావుంది. అడిగితే కనీసం నమ్ముతున్నట్టుంటుంది. కార్డు చూపించమంటే మొహం మీదే నమ్మలేదని చెప్పినట్టు."

కమిషనరు త్రివిక్రమరావు గారు గొంతు సవరించుకున్నారు. ఆయన మనుషులతో మాట్లాడినా ఫైలుతో మాట్లాడినట్టే ఉంటుంది. "సదరు వయసును అడగకుండా సదరు వయసును సేకరించు విధానమును సత్వరమే సూచించవలసినదిగా గణాంక విభాగమును కోరడమైనది" అని, బల్లకి అవతల ఎదురుగా కూర్చున్న హైమావతితోనే అన్నారు.

హైమావతికి చురుకైన బుర్ర. ఆ సంగతి ఆవిడకి బాగా తెలుసు కూడా. ఆవిడ జీవితంలో వచ్చిన చిక్కుల్లో సగం ఆ తెలియడం వల్లే వచ్చాయి.

"మన ఇళ్ళల్లో వయసు అంకెల్లో ఎవరు చెప్పుకుంటారండీ?" అంది. "ఫలానావిడ కంటే రెండేళ్ళు చిన్న, ఫలానావిడ కంటే ఏడాది పెద్ద, ఫలానా వాళ్ళ రెండో అమ్మాయి ఈడు, ఇలాగే కదా చెప్పుకుంటాం. వీధికి ఒకావిడని ఎంచుకుందాం. ఆవిడ వయసొక్కటే అడుగుదాం. మిగతావాళ్ళని, ఆవిడ కంటే మీరు పెద్దా, చిన్నా, ఎన్నేళ్ళు అని అడిగితే చాలు. ఎవర్నీ వయసు అడిగినట్టుండదు, అందరి వయసులూ వచ్చేస్తాయి."

గదిలో చప్పట్లు మోగాయి. కమిషనరు గారు అక్కడికక్కడే ఆ ఎంచుకోబోయే ఆవిడకి 'ప్రామాణిక మహిళ' అని నామకరణం చేసి, విశ్వసనీయత, సత్ప్రవర్తన, స్థిరనివాసం అర్హతలుగా నిర్ణయించారు. మరుసటి వారం కౌన్సిల్ హాల్లో మేయరు గారు హైమావతికి శాలువా కప్పారు.

"హైమా నేనూ ఒకే బెంచీ" అని ఫొటోగ్రాఫర్ల ముందు హైమావతి భుజం చుట్టూ చెయ్యి వేశారు. "ఆరో తరగతి నుంచీ పదో తరగతి దాకా పక్క పక్కనే. అప్పట్నుంచీ దీని బుర్ర ఇంతే!"

ఆ ఫొటోని పెద్దది చేయించి, హాల్లో అధ్యక్షస్థానం వెనక గోడకి తగిలించారు.

సర్వే మొదలైన మూడో రోజున లావణ్య అనే ఎన్యూమరేటరు పిల్ల గాజులవారి వీధికి వచ్చింది. ఆ వీధికి ప్రామాణిక మహిళ ఎవరన్న చర్చే రాలేదు. అధికారిణి స్వయంగా ఉండే వీధిలో ఇంకొకరిని ఎలా ఎంచుతారు?

హైమావతి అరుగు మీద అప్పటికే అందరూ చేరారు. నాలుగిళ్ళ అవతల ఉండే వదిన సుగుణ, అంటే హైమావతి అన్నగారి భార్య, చిక్కుడుకాయలు తుంచుకుంటూ కూర్చుంది. ఎదురింటి ఇందుమతి గారు మనవరాల్ని వెంటబెట్టుకొచ్చారు. కాయగూరల కొట్టు సూరమ్మ కొట్టు వదిలేసి వచ్చింది. హైమావతి అత్తగారు కుర్చీ వేయించుకుని మధ్యలో కూర్చున్నారు.

హైమావతికి నలభై తొమ్మిదేళ్ళు. ఆవిడ ఉప్పెన ఏడాది పుట్టింది. "ఊరంతా నీళ్ళలో ఉంటే ఇది నా ఒళ్ళో ఉంది" అని వాళ్ళమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. నలభై అయిదు దాటిన దగ్గర్నుంచీ హైమావతి ఆ కథలో ఉప్పెన తీసేసి తుఫాను పెట్టింది. సముద్రం పక్క ఊరు కాబట్టి తుఫాన్లకి కొదవ లేదు, ఎవరికి నచ్చిన తుఫాను వాళ్ళు అనుకోవచ్చు.

ఆ రోజు మాత్రం నిజమే చెప్పాలని నిద్ర లేచింది. ఎన్యూమరేటర్లకి శిక్షణ ఇచ్చింది ఆవిడే. "సర్వే అంటే సత్యం" అని బోర్డు మీద రాసిందీ ఆవిడే.

"మేడమ్, మీ వయసండీ?" అంది లావణ్య, ట్యాబు మీద వేలు పెట్టుకుని.

వదిన చిక్కుడుకాయలు తుంచడం ఆపింది. ఇందుమతి గారు మెడ ముందుకు చాచారు.

"నలభై..." అంది హైమావతి. అక్కడిదాకా నిజమే. ఆ తరవాత తొమ్మిది రావాలి. తొమ్మిది గొంతు దాకా వచ్చింది, ఇందుమతి గారి మొహం చూసి వెనక్కి వెళ్ళిపోయింది.

"...రెండు."

లోపల పేపరు చదువుతున్న భర్త ప్రకాశరావు ఒకసారి పేపరు దించి చూసి, మళ్ళీ ఎత్తుకున్నాడు. పాతికేళ్ళ కాపురంలో ఆయన నేర్చుకున్నదంతా ఆ ఎత్తుకోవడంలో ఉంది.

"సుగుణ గారూ, మీరు మేడమ్ కంటే పెద్దాండీ, చిన్నాండీ?"

"ఏడాది పెద్ద" అంది వదిన నవ్వాపుకుంటూ. అంటే నలభై మూడు. ఇందుమతి గారు మూడేళ్ళు చిన్న. అంటే ముప్ఫై తొమ్మిది. ఆవిడ పక్కనే మనవరాలు ఐస్‌ఫ్రూటు చీకుతోంది. లావణ్య దాన్ని చూసింది, ట్యాబు చూసింది, నియమాల ప్రకారం ఏమీ అనకుండా వేలితో నొక్కింది.

"సూరమ్మ గారూ?"

"ఆ ముసలోళ్ళ పింఛను ఎప్పట్నించి ఇత్తారమ్మా?" అని ఎదురు అడిగింది సూరమ్మ.

"అరవై నుంచండీ."

సూరమ్మ వేళ్ళ మీద లెక్క కట్టుకుంది. "అయితే మేడంగారి కంటే పద్దెనిమిదేళ్ళు పెద్ద, రాసుకో." ఆవిడకి నిజానికి యాభై ఆరు. అత్తగారు మాత్రం ఏ మేడమ్‌తోనూ తనకి పని లేదని, తొంభై వేసుకోమని చెప్పారు. డెబ్భై ఆరేళ్ళ మనిషికి తొంభైలో ఉండే గౌరవం డెబ్భైల్లో ఎక్కడ దొరుకుతుంది?

ఆ సాయంత్రం హైమావతి తనకి తాను సర్దిచెప్పుకుంది. లక్షలమంది ఉన్న నగరం. ఒక్క మనిషి ఏడేళ్ళు, సగటులో ఉప్పులా కరిగిపోతాయి. తప్పులన్నీ ఒకవైపుకే ఒరిగితే సగటు కూడా ఆ వైపుకే ఒరిగి పడుతుందని శిక్షణలో ఆవిడే అందరికీ చెప్పింది. ఆ పాఠం ఆ సాయంత్రం ఆవిడకి గుర్తు రాలేదు. గుర్తుకు రానివ్వలేదు అనడం న్యాయం.

నెల తిరిగేసరికి లెక్క తేలింది. హైమావతి కంప్యూటరు మీద బొమ్మ గీయించింది. ఆడవాళ్ళ వయసుల బొమ్మ కింద వెడల్పుగా, పైకి పోయేకొద్దీ సన్నగా గోపురంలా రావాలి. వచ్చింది మాత్రం నడుం దగ్గర తెగిపోయి, రెండు ముక్కలుగా వచ్చింది. కింద పిల్లలు, యువతులు, నలభై, నలభై రెండు, నలభై నాలుగు. పైన అరవై, డెబ్భై, తొంభై. మధ్యలో ఖాళీ. నలభై అయిదు నుంచి అరవై దాకా వేణుపురంలో ఒక్క ఆడమనిషి కూడా లేదు.

అంటే నగరంలో ఉన్న ప్రామాణిక మహిళలందరికీ నలభై తరవాత వచ్చే అంకె గొంతులోనే ఇరుక్కుందన్నమాట. మిగతావాళ్ళు ఎవరి వీధిలో వాళ్ళు ఆ కొంగు పట్టుకుని కిందకి దిగిపోయారు. అరవై దగ్గరపడ్డవాళ్ళు పింఛను కోసం ఒక్క గెంతు వేసి అవతల ఒడ్డున దిగారు. హైమావతికి నుదుట చెమట పట్టింది. ఆ వయసులో చెమటలు మామూలే గానీ, ఈ చెమట వేరు.

కమిషనరు గారు బొమ్మ చూసి అదిరిపోయారు.

"పదిహేనేళ్ళ వయోశ్రేణికి చెందిన మహిళలు సామూహికముగా అదృశ్యమైనట్లు కనబడుచున్నది. పోలీసు శాఖకు తెలియపరచవలెనా?"

మేయరు గారు మాత్రం బొమ్మని అటూ ఇటూ తిప్పి చూసి, "అదృశ్యం కావడమేంటండీ, మన ఊళ్ళో ఆడవాళ్ళకి వయసు రావట్లేదు!" అన్నారు. ఆవిడ గొంతులో నిజమైన ఆనందం ఉంది. ఎవరైనా ఆ బొమ్మ చూసి ఆనందించవచ్చని హైమావతికి అప్పటిదాకా తోచలేదు.

వారంలో కూడళ్ళన్నిటిలో ఫ్లెక్సీలు లేచాయి. 'నిత్యయవ్వన నగరం వేణుపురం' అని, కింద మేయరు గారి పాతికేళ్ళ కిందటి ఫొటో. కారణాలు వివరిస్తూ ఒక నోటు తయారుచేయమని గణాంక విభాగానికి ఆదేశం వచ్చింది. హైమావతి తయారుచేసింది. నగరంలోని సముద్రపు గాలి, తాగునీటి నాణ్యత, పాలకవర్గం దూరదృష్టి మహిళల్లో వయసు పెరుగుదలను నలభై నాలుగు వద్ద స్థిరీకరించినట్లు భావించవచ్చునని రాసింది. ఆ వాక్యం రాయడానికి ఆవిడకి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. అదే ఆవిడకి తరవాత సిగ్గేసిన సంగతి. ఆ నోటు చదివి పొరుగు జిల్లా కార్పొరేషన్ వాళ్ళు నీళ్ళు పరీక్షించుకుంటామని సీసాలతో వచ్చారు.

ఆ ఫ్లెక్సీల సంబరంలోనే ఒక ఉదయం వదిన వచ్చింది. వచ్చి వంటింటి తలుపు దగ్గరగా వేసింది. హైమావతి చెయ్యి పట్టుకుని, రవిక పక్కన చంక కింద పెట్టించింది.

"ఇక్కడ చూడు. శనగ్గింజంత తగుల్తుందా?"

తగిలింది. హైమావతి చెయ్యి తీయలేకపోయింది.

"ఎన్నాళ్ళయింది వదినా?"

"మొన్న తల మీద నీళ్ళోసుకుంటుంటే తెలిసింది. మీ అన్నయ్యకి చెప్పలేదు. మన మహిళా కేంద్రంలో డాక్టరమ్మకి చూపించాను. ఫొటో తీసి చూడాలంది, వచ్చే గురువారం రమ్మంది. నువ్వు తోడొస్తావా?"

మహిళా కేంద్రం అంటే నలభై అయిదు నుంచి అరవై లోపు ఆడవాళ్ళ కోసం కార్పొరేషన్ నడుపుతున్న ఆసుపత్రి. మోకాళ్ళ నొప్పుల దగ్గర్నుంచీ ఇలాంటి గడ్డల దాకా ఉచితంగా చూస్తారు. ఊళ్ళో ఆ పరీక్ష చేసే యంత్రం ఉన్నది అక్కడొక్కచోటే.

గురువారం ఇద్దరూ వెళ్ళేసరికి యంత్రం గదికి తాళం వేసి ఉంది. కౌంటర్లో గుమాస్తా ఒక్కడే కూర్చుని, గోడ మీది పోస్టర్లు చుట్ట చుడుతున్నాడు.

"మూసేశామండీ. పైనుంచి ఉత్తర్వులు. నలభై అయిదూ అరవై మజ్జిన ఆడవోళ్ళు ఊళ్ళో లేరంట గదా. డాక్టరమ్మగార్ని కూడా వేరే ఊరేసేశారు."

"లేకపోవడమేంటయ్యా?" అంది వదిన. "నేను కనపడట్లేదా?"

గుమాస్తా వివరాలు అడిగి కంప్యూటర్లో చూశాడు. "మీరున్నారండి, ఎందుకు లేరు. కానీ మీకు నలభై మూడేనండి. ఇంకో రెండేళ్ళు ఆగి రండి. అప్పటికి ఇది తెరుస్తారో లేదో మరి, అది నేను చెప్పలేనండి."

"నాకు యాభై!"

"అలా అనకండమ్మా. సర్వే అబద్ధమవుద్దేంటి?" అన్నాడు. పాపం, మర్యాదగానే అన్నాడు.

వదిన హైమావతి వైపు చూసింది. హైమావతి తాళం వైపు చూసింది. దగ్గర్లోని పెద్ద నగరంలో ఆసుపత్రికి ఫోను చేస్తే రెండు నెలల తరవాత రమ్మన్నారు. ఆ గడ్డ రెండు నెలలు ఓపిగ్గా కూర్చుంటుందని ఎవరూ హామీ ఇవ్వలేదు.

హైమావతి నేరుగా కమిషనరు గారి గదికి వెళ్ళింది.

"సార్, సర్వే తప్పండి. కేంద్రం మళ్ళీ తెరిపించాలి."

"కౌన్సిల్ ఆమోదము పొందిన సర్వే, కౌన్సిల్ ఆమోదము లేకుండా తప్పు కాజాలదు" అన్నారు కమిషనరు గారు. "అయిననూ మానవీయ కోణంలో ఒక వెసులుబాటు కలదు. సదరు వయోశ్రేణికి చెందిన మహిళను కనీసం ఒక్కరినైనా వచ్చే సోమవారం కౌన్సిల్ ఎదుట హాజరుపరచిన యెడల, విషయము పునఃపరిశీలించబడును. అట్టి మహిళ ఎవరైనా మీ దృష్టిలో ఉన్నారా?"

ఆయన ఎదురుగా యాభై దగ్గరపడ్డ ఆడమనిషి ఒకావిడ కూర్చుని ఉంది. జుట్టుకి నెలకోసారి రంగు, మోకాళ్ళకి రోజూ మందునూనె, పర్సులో చత్వారం కళ్ళజోడు. ఆ మనిషి గొంతు సవరించుకుని, "వెతుకుతాను సార్" అంది.

వెతికింది. ఆ శని, ఆదివారాలు ఇల్లిల్లూ తిరిగింది. అందరూ ఎంతో మర్యాదగా కాఫీలిచ్చారు. ఇందుమతి గారు సంగతి విని కళ్ళనీళ్ళు పెట్టుకుని, "అయ్యో సుగుణ! ఎంత పనైంది! నాకే ఆ వయసుంటే ఈ క్షణాన వచ్చి నిలబడేదాన్ని కాదూ? పక్క వీధి టీచరు గార్ని అడగండి, ఆవిడకి యాభై దాటుంటాయి" అన్నారు. టీచరు గారు ఎదురింటి ఇందుమతి గారి పేరు చెప్పారు. హైమావతితో డిగ్రీ చదివిన ఒకావిడ, తను హైమావతి కంటే ఎప్పుడూ రెండేళ్ళు చిన్నేనని, క్లాసులో కూడా చిన్నేనని నొక్కి చెప్పింది.

ఆదివారం పొద్దు వాలుతుండగా హైమావతి కాళ్ళీడ్చుకుంటూ వదిన ఇంటికి చేరింది.

"ఒక్కరూ దొరకలేదు వదినా. నువ్వే రావాలి."

"నాదేముందే" అంది వదిన. కోపంగా అనలేదు, అందుకే ఎక్కువ తగిలింది. "నేను నీకంటే ఏడాది పెద్ద, అంతే. వాళ్ళ కంప్యూటర్లో నాకు సొంతంగా వయసు లేదు. నువ్వు నలభై రెండులో కూచుంటే నేను నలభై మూడులోనే పోతాను."

హైమావతికి ఏడుపొచ్చింది. ఆ ఏడుపులో వదిన మీద ప్రేమ ముప్పావు వంతుంటే, మిగతా పావువంతు రేపు కౌన్సిల్ హాల్లో అందరి ముందూ నలభై తొమ్మిది అనాలన్న దిగులు. ఆ పావువంతు తనలో ఉన్నందుకు తనని తాను తిట్టుకుంది. తిట్టుకున్నా అది పోలేదు. ఆ రాత్రి అద్దం ముందు నిలబడి "నలభై తొమ్మిది" అని నాలుగుసార్లు సాధన చేసింది. అయిదోసారి ప్రకాశరావు పక్కమీంచి "బానే ఉంది, పడుకో" అన్నాడు.

సోమవారం కౌన్సిల్ హాలు కిక్కిరిసింది. నిత్యయవ్వన నగరం తీర్మానం కూడా ఆ రోజే ఉంది కాబట్టి, మహిళా సంఘాల వాళ్ళంతా గులాబీ రంగు చీరల్లో వచ్చి వెనక కుర్చీల్లో కూర్చున్నారు. వాళ్ళ మధ్య వదిన కూడా ఉంది.

"గణాంక అధికారిణి గారు సదరు మహిళను హాజరుపరచవచ్చును" అన్నారు కమిషనరు గారు.

హైమావతి లేచి మైకు దగ్గరికి వెళ్ళింది. అందరూ ఆవిడ వెనక ఎవరొస్తారా అని గుమ్మం వైపు చూశారు. ఎవరూ రాలేదు.

"నేనేనండి" అంది. "నాకు నలభై తొమ్మిది."

గొంతు చిన్నగా వచ్చింది. "వినబడుటలేదు" అన్నారు కమిషనరు గారు.

"నలభై తొమ్మిదండీ!" ఈసారి మైకు కూడా ఉలిక్కిపడి కీచుమంది. "ఉప్పెన ఏడాది పుట్టాను. మామూలు తుఫాను కాదు, ఉప్పెనే. మా వీధికి ప్రామాణిక మహిళను నేను. ఏడేళ్ళు తగ్గించి చెప్పాను. ఎందుకు చెప్పానంటే, నా దగ్గర గొప్ప కారణమేం లేదు. మా ఎదురింటావిడ చూస్తుంటే నోరు రాలేదు. అంతే. ఇప్పుడు మా వదినకి గడ్డ వచ్చింది. ఆవిడకి యాభై. నా అబద్ధం పక్కన రాయడం వల్ల ఆవిడకి నలభై మూడయ్యాయి. ఆ గది తాళం తీయించండి."

గులాబీ చీరల వాళ్ళందరూ పెదాలు కదుపుతూ లెక్కలు కట్టుకోవడం హైమావతికి కనబడింది. మేడమ్‌కి నలభై తొమ్మిదైతే తమకెంత? తమకంతైతే తోడికోడలికెంత?

తరవాత ఆ కళ్ళన్నీ ఒక్కొక్కటిగా మైకు మీంచి లేచి, అధ్యక్షస్థానం వెనక గోడ మీది ఫొటో మీద వాలాయి. ఫొటోలో మేయరు గారు హైమావతి భుజం చుట్టూ చెయ్యి వేసి నవ్వుతున్నారు. ఒకే బెంచీ అన్న మాట ఊరంతా విన్నదే.

మేయరు గారు మంచినీళ్ళ గ్లాసు ఎత్తి, తాగకుండానే దించారు. ఆవిడ ఎర్రబడ్డ మొహం చూసి, ఉద్యోగం పోయినట్టేనని హైమావతి అనుకుంది. మేయరు గారు వెనక వరసల్లోకి చూశారు. వదిన ఎక్కడుందో ఎవరూ చెప్పక్కర్లేదు, పక్కవాళ్ళిద్దరూ ఆవిడ చేతులు పట్టుకుని ఉన్నారు.

"నాకూ నలభై తొమ్మిదే. రాసుకోండి" అన్నారు మేయరు గారు. ఒక్క క్షణం ఆగి, "హైమా కంటే నాలుగు నెలలు చిన్న. అది కూడా రాసుకోండి" అన్నారు.

ఆ మాటతో గట్టు తెగింది. "నాకు యాభై మూడు!" అని ఒకావిడ లేచింది. "నాకు యాభై ఒకటి!" "నాకు నలభై ఎనిమిది, వచ్చే నెలకి నిండుతాయి!" ఇందుమతి గారు కూడా లేచారు. అంకె చెప్పలేదు గానీ, లేవడం మటుకు లేచారు. హైమావతికి కళ్ళు మసకబారాయి, చత్వారం వల్ల కాదు.

కౌన్సిల్ ఏకగ్రీవంగా తప్పు ఒప్పుకుంది. మరునాడే కేంద్రం తాళం తీశారు, డాక్టరమ్మని వెనక్కి పిలిపించారు. కథ ఇక్కడితో ఆగితే బావుండేది. కానీ తప్పు ఒప్పుకున్నాక దిద్దాలి కదా. దిద్దే పని కమిషనరు గారు తీసుకున్నారు.

"ప్రామాణిక మహిళ వయసునందు ఏడేళ్ళ లోపము గుర్తించబడినందున, ఏకరూపతను పాటించు నిమిత్తము, నగరములోని సమస్త స్త్రీల వయసులకు ఏడేళ్ళు కలుపుతూ ఇందుమూలముగా ఉత్తర్వులు జారీ చేయడమైనది."

సమస్త స్త్రీలంటే సమస్త స్త్రీలే. ఆ తెల్లవారి ప్రసూతి వార్డులో పుట్టిన ఆడపిల్లలందరికీ పుట్టగానే ఏడేళ్ళు నిండాయి. పిల్లలింకా కళ్ళు తెరవకముందే వాళ్ళని రెండో తరగతిలో చేర్చలేదేమని తల్లులకి నోటీసులొచ్చాయి. ఏడేళ్ళలోపు ఆడపిల్లలు నగరంలో లేరని తేలడంతో అంగన్‌వాడీల్లో వాళ్ళ గుడ్లు ఆగిపోయాయి. హైమావతి అత్తగారికి తొంభై ఏడొచ్చాయి, ఆవిడ ఒక్కరే సంతోషించారు.

హైమావతి మళ్ళీ కమిషనరు గారి గదికి పరిగెత్తింది. ఆయన మానవీయ కోణం అలాగే ఉంది. "ఏడేళ్ళ లోపు బాలికను కనీసం ఒక్కరినైనా హాజరుపరచిన యెడల..."

ఈసారి వెతకాల్సిన పని పడలేదు. ఇందుమతి గారి మనవరాల్ని తీసుకెళ్ళి బల్ల మీద కూర్చోబెట్టింది.

"నీ వయసెంత పాపా?" అన్నారు కమిషనరు గారు.

"అయిదున్నర" అంది పిల్ల.

"అయిదు అని నమోదు చేసుకొనవచ్చును" అన్నారాయన గుమాస్తాతో.

"అయిదు కాదు!" పిల్ల అరిచింది. "అయిదున్నర! అర కూడా రాయి!"

అర రాసేదాకా బల్ల దిగలేదు. హైమావతి ఆ పిల్ల వైపు చూస్తూ, ఆడవాళ్ళకి ఆ అర ఎప్పుడు పోతుందో, ఎవరు ఊడబెరుకుతారో అనుకుంది. తన చేతిలో ఇన్ని లెక్కలుండి, ఆ లెక్క మాత్రం ఎప్పుడూ కట్టలేదు.

ఉత్తర్వు రద్దయింది. ఏడేళ్ళు తీసివేయడం మాత్రం ఎవరికి వారు దరఖాస్తు పెట్టుకుంటేనేనట.

వదిన పరీక్ష ఫలితం కోసం ఇద్దరూ మళ్ళీ కేంద్రానికి వెళ్ళారు. ఈసారి వసారా అంతా ఆడవాళ్ళే. ఇన్నాళ్ళూ లేనివాళ్ళంతా వరసలో ఒకరి వెనక ఒకరు నిలబడి, ఒకరి మోకాళ్ళ గురించి ఒకరు అడుగుతున్నారు. వదినని లోపలికి పిలిచారు. హైమావతి కూడా చీటీ రాయించుకుందామని కౌంటరు దగ్గరికెళ్ళింది.

"వయసండీ?"

"నలభై తొమ్మిది."

"కాదండీ, యాభై ఆరు ఉందండి ఇందులో" అన్నాడు గుమాస్తా. "మొదట సరిచేశారండి, ఆ పైన అందర్తో పాటు ఏడు కలిశాయండి. తగ్గించుకోవాలంటే మీ వీధి ప్రామాణిక మహిళ సంతకం తెచ్చుకోవాలండి."

"ఆ ప్రామాణిక మహిళను నేనేనయ్యా."

"తన సంతకం తనకి చెల్లదండి."

ఇదివరకైతే హైమావతికి కాళ్ళ కింద నేల కదిలిపోయేది. ఇప్పుడు "సరే, యాభై ఆరే ఉండనీ" అంది. అప్పుడే లోపలి తలుపు తెరుచుకుని వదిన బయటికొచ్చింది. పమిటతో మొహం ఒత్తుకుంటోంది. హైమావతి చీటీ సంగతి వదిలేసి ఎదురెళ్ళింది.

"ముదిరేది కాదంట" అంది వదిన. "చిన్న కోత కోసి తీసేస్తే సరిపోద్దంట. తొందరగా వచ్చావమ్మా అంది డాక్టరమ్మ."

ఇద్దరూ ఆ వసారాలోనే, అందరి మధ్యా ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని ఏడ్చారు. ఏడుస్తూనే నవ్వారు. వెనక వరసలో నిలబడ్డ ఒక కొత్తావిడ, ఎవరో ఏమిటో తెలియదు, ఇందాకట్నుంచీ కౌంటరు దగ్గర మాటలు వింటున్నట్టుంది, హైమావతిని తేరిపార చూసింది.

"యాభై ఆరాండీ మీకు? అస్సలు అలా కనపడరండీ! నలభై రెండంటే నమ్మేస్తారండీ ఎవరైనా."

కౌన్సిల్ హాల్లో మైకు ముందు నిలబడి ఊరంతటికీ నిజం చెప్పిన హైమావతి, వదిన చెయ్యి వదలకుండానే ఆవిడ వైపు తిరిగింది.

"ఏంటన్నారండీ?" అంది. "ఇంకొంచెం గట్టిగా చెప్పండి, మా వదినకి కూడా వినపడాలి."